ద్రాక్షతీగ చెక్కిన గ్లాసులు

న్యూయార్క్,
14 నవంబరు 2007

అమ్మకు బెర్నడీన్ ముద్దులతో రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. ఒహాయోలో నువ్వూ, లూసిల్ పిన్నీ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అంది పదిరోజులు దాటింది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. గదిలో వెచ్చగానే ఉంటోంది. మా బారుకి కొన్న గ్లాసులు నువ్వనుకున్నవే. వెడల్పు నోరు, సన్నటి కాడ, అంచు కింద ద్రాక్షతీగ చెక్కడం. పిట్స్‌బర్గ్‌లో ఒక పాత హోటలు పడగొడుతుంటే అరవై రెండు దొరికాయి. అమ్మమ్మ కాలం నాటి నమూనా. మీ గాజు ఫ్యాక్టరీలో నువ్వు గడ్డిలో చుట్టి పెట్టెలకెత్తినవి కూడా వీటిలో ఉన్నాయేమో. ఇప్పటి గ్లాసులో సగం కూడా పట్టదు. అందుకే ఆఖరి గుక్క దాకా చల్లగా ఉంటుందని జనం వీటినే అడుగుతారు.

"మద్యం నిషేధం ఎత్తేసి డెబ్బై ఏళ్లు దాటింది, ఇంకా ఆ దొంగతలుపు దేనికే?" అని రాశావు. ఆ తలుపే సరదా అమ్మా. గడియారాలు బాగుచేసే దుకాణంలోకి వచ్చి, వెనకున్న బీరువా తలుపు తోస్తే మా బారు. దాక్కుని తాగుతున్నామనుకుంటే వచ్చినవాళ్లకి తాతల కాలంలో ఉన్నట్టుంటుందట. నాన్న దాక్కుని తాగిన బొగ్గుల గది నీకు గుర్తొచ్చి ఉంటుంది. నాకూ వస్తుంది.

ఇక తమ్ముడు క్లెమ్ సంగతి. వేళకు తింటున్నాడా, రెండక్షరాలు ఎందుకు రాయడు అని మూడుచోట్ల అడిగావు. పని ఎక్కువై తీరిక లేదని పోయినసారి రాశాను. అది అబద్ధం.

వాడు వసంతంలో ఇక్కడికొచ్చేటప్పుడు, మందు వాసన మధ్య వాణ్ని పెడుతున్నావని నువ్వు ఏడ్చావు. చుక్క తాగనివ్వనని మాటిచ్చాను. వాడు మానేసి అప్పటికి నాలుగేళ్లు. గ్లాసులు కడిగి తుడవడం వాడి పని. మందు కలిపే హాలిస్ మొదటి వారంలోనే పదకొండు పగలగొట్టాడు. క్లెమ్ చేతిలో ఒక్కటీ పోలేదు. ముప్పై ఆరేళ్లవాడు, ఒక్కో గ్లాసునీ వెలుతురుకెత్తి పట్టుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. "అక్కా, ఈ అంచు చూడవే, ఉల్లిపొర!" అనేవాడు.

"ఏంటయ్యా, తుడుస్తున్నావా, జోల పాడుతున్నావా?" అని హాలిస్ ఏడిపించేవాడు.

"నువ్వు చంపిన పదకొండింటికీ ఏడుస్తున్నా."

వాడు అంతగా నవ్వడం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

అక్టోబరు రెండో గురువారం పత్రికలో రాసే ఆయన ఒకరు సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు. మా కొత్త పానీయం గురించి రాస్తాడట. హాలిస్ పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు. నాకు జలుబు, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. జిన్నులో నిమ్మరసం, తేనె కలిపాను గానీ నాకు రుచే తెలియలేదు. క్లెమ్ పక్కనే గ్లాసులు తుడుస్తున్నాడు.

"ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చెప్పరా. మింగకు, ఉమ్మేసెయ్."

"వద్దక్కా."

"అమ్మ సూపులో మిరియం తగ్గినా పట్టేసేవాడివి. నీకంటే ఎవరు చెబుతార్రా?"

"నన్నది అడక్కే. ఇంకేమైనా అడుగు, చేస్తా."

అప్పుడు నేనన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. "చుక్కకే పడిపోయేవాడివైతే ఈ నాలుగేళ్లూ నువ్వు మానేసినట్టు ఎలా అవుతుందిరా?" అన్నాను.

వాడు గుడ్డ పక్కన పెట్టాడు. గ్లాసు అందుకున్నాడు. "నిమ్మ ఎక్కువైంది. తేనె ఇంకో అరచెంచా వెయ్యి" అన్నాడు. ఉమ్మలేదు. గొంతు కదలడం నా కళ్లతో చూశాను. చూసి, తేనె డబ్బా మూత తీశాను. వాడి ముఖం వంక చూడలేదు.

పత్రికాయన తెగ మెచ్చుకున్నాడు.

పదిరోజులు తిరక్కుండా వాడి చేతులు వణకడం మొదలైంది. ఒకేరోజు మూడు గ్లాసులు పోయాయి. పెట్టెల వెనక సీసా దొరికింది. హాలిస్ ముందరే, "సిగ్గులేదట్రా? అచ్చం నాన్నవే. నా కళ్లముందు ఉండకు" అని అరిచాను. వాడు కోటు తీసుకుని వెళ్లిపోయాడు. అది నవంబరు నాలుగు.

అప్పట్నించీ బారు తెరవలేదు. వాడి ఫొటో పట్టుకుని ఆసుపత్రులు, అనాథ వసతులు, పోలీసు ఠాణాలు, ఆఖరికి శవాల గది కూడా తిరిగానమ్మా. అక్కడ రెండుసార్లు గుడ్డ తొలగించి చూపించారు. రెండుసార్లూ వాడు కాదు.

నిన్న నెవార్క్‌లోని ఒక ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. బస్‌స్టేషన్‌లో పడి ఉంటే ఎవరో చేర్పించారట. ఊపిరితిత్తుల నిండా నెమ్ము, కాలేయం పాడైంది. ఈ వారం గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. పరిగెత్తాను. నన్ను లోపలికి రానివ్వలేదు. నర్సు బయటికొచ్చి, "మిమ్మల్ని చూడనంటున్నాడమ్మా. కోపం కాదట, ముఖం చెల్లదట. 'మా అక్క వద్దంటున్నా నేనే దొంగతనంగా తాగాను' అని పొద్దుట్నించీ అదే మాట" అంది. ఆసుపత్రి కాగితాల్లోనూ అలాగే రాయించాడు.

గోడకి తల కొట్టుకున్నాను. "వాడు చెప్పేది అబద్ధం" అని ఆమెతో అన్నాను. ఆమె నా భుజం తట్టి వెళ్లిపోయింది.

నీకు ఫోనులో సరిగా వినపడదు. పిన్నికి చెప్పి, ఆమె నోట ఇది నీకు వినిపించడం నావల్ల కాదు. అందుకే రేపటికల్లా చేరేలా ఉత్తరం పంపుతున్నాను. అందగానే పిన్నిని తీసుకుని బయలుదేరు. నన్ను పలకరించకపోయినా సరే, రా. నువ్వొస్తే వాడు తలుపు తీయిస్తాడు.

నీ చెయ్యి పట్టుకుని నీతోనూ ఆ మాటే అంటాడు, అక్క తప్పేమీ లేదని. నమ్మకమ్మా. వాడు వద్దన్నాడు. రెండుసార్లు వద్దన్నాడు.

ఇట్లు,
నీ కూతురు, వాడి అక్క,
బెర్నడీన్