బ్రూనో కాగితంలో రాయని మాట

గురువారం, రాత్రి

మధ్యాహ్నం బ్రూనోను తీసుకెళ్లిపోయారు. లాబ్రడార్ కుక్కలను చేరదీసే సంస్థ తరఫున రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి కారులో వచ్చింది. పోయిన నెల వాడు ప్రేమతోనే అత్తయ్యగారి మీదికి ఎగిరాడు, కానీ ఆవిడ తుంటి విరిగింది. ఇక ఉంచుకోవడం కుదరలేదు.

తిండి వేళలు, మందులు, ఉరుములంటే భయం, అన్నీ వరసగా కాగితం మీద రాసిచ్చాను.

"కుక్కని పంపుతున్నావా, కూతుర్ని కాపురానికి పంపుతున్నావా?" అన్నారు మా ఆయన. అని, తనే లోపలికి వెళ్లిపోయారు.

ఎనిమిదింటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, గిన్నె ముందే కూర్చున్నాడు కానీ ముట్టుకోవట్లేదండి. నా మొహమే చూస్తున్నాడు."

అప్పుడు గుర్తొచ్చింది. మా భోజనాల ప్రార్థన ముగిసేదాకా వాడూ తినడు. పిల్లగా ఉన్నప్పుడు నేనే నేర్పాను. అదొక్కటే రాయలేదు.

"ఆమెన్ అనమ్మా," అన్నాను. అంది. వాడు కదల్లేదట. ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టించి నేనే అన్నాను. వెంటనే గిన్నె చప్పుడు వినిపించింది.

"తింటున్నాడండీ!" అని ఆ అమ్మాయి సంబరపడింది.

తిన్నాక వెళ్లి వీధి తలుపు దగ్గర కూర్చున్నాడట. నా గొంతు వినిపించకుండా ఉండాల్సిందేమో. రేపు మళ్లీ ఫోన్ వస్తే, ఆమెన్ అనాలో వద్దో...