నేను చేయని ప్రార్థన

ఆదివారం, రాసింది వైశాలి

చర్చి వార్షికోత్సవ సంచికలో నా సాక్ష్యం అచ్చయింది. నేనివ్వలేదు. ఆసుపత్రిలో నా డ్యూటీ టైములో చనిపోయిన పెద్దావిడ గురించి బ్లాగులో రాసుకున్నదే అది. "ప్రార్థన నోటికి రాలేదు, ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చున్నాను" అన్న నా ఆఖరి వాక్యాన్ని "చెయ్యి పట్టుకుని ప్రార్థించాను" అని మార్చేశారు.

పాస్టరమ్మగారిని అడిగాను. "అడిగితే వద్దంటావని అడగలేదమ్మా. దేవుని మహిమ కోసమేగా, కాస్త సరిచేశాం" అన్నారు. ఒళ్లు మండింది. నా పేరు తీసేసినా ఊరుకునేదాన్ని. ఆ ఒక్క వాక్యం కోసమే కదా అంతా రాసింది!

గట్టిగా అనబోయేంతలో, కీమో చేయించుకుంటున్న సరోజా ఆంటీ సంచిక పట్టుకుని వచ్చింది.

"నాకూ అలాగే ప్రార్థన చెయ్యి తల్లీ."

నిజం చెప్పాల్సింది. చెప్పలేక, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈసారీ మాట రాలేదు. చాలాసేపటికి ఆవిడే కళ్లు తెరిచి "ఆమెన్" అంది.