ఒక నోరు, రెండు పేర్లు

ప్రొద్దుటూరు,
శుక్రవారం మధ్యాహ్నం.

మా అక్క హుసేనమ్మకు, తమ్ముడు దస్తగిరి సలాం చేసి, కాళ్లకు దండం పెట్టి రాసుకొనే సంగతులు. నేను ఇక్కడ బాగున్నాను. జ్వరం లేదు, దెబ్బ లేదు, పండ్లన్నీ నోట్లోనే ఉన్నాయి. నువ్వు, నీ పిల్లలు, నీ ఇంట్లో తలదాచుకున్న నా పెండ్లాం మాబున్ని, నా పిల్లలు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. ఎర్రావు ఈనిందా? బావి ఊట పెరిగిందా, లేక బొక్కెనకు ఇంకా బురదే వస్తోందా? అన్నీ రాయించు.

ఈ ఉత్తరం చదివి వినిపించే మా బావ పీరయ్యకు కూడా సలాం. బావా, నువ్వు మూడో తరగతి దాకా చదివినవాడివి, అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతావు. అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. నీ గురించి ఏం రాసినా దాటేయకుండా చదవాలి. దాటేయాలని చూస్తే నీ నోరు ఆగిపోతుంది, నోరు ఆగిన చోటే నిన్ను తిట్టానని ఆడవాళ్లకు తెలిసిపోతుంది. కాబట్టి మర్యాదగా చదువు.

అక్కా, నువ్వు రాయించిన కార్డు అందింది. పీర్ల పండగకు రమ్మన్నావు. పులి వేషం కట్టేవాడు లేక ఊరు బోసిపోతుందన్నావు. నేను రాలేను. ఈసారి వేషం బావకు కట్టించండి. ఆ కడుపుకు చారలు వేయాలంటే రంగు రెండింతలు కావాలి గానీ, పులి తిని పడుకున్నట్టు చూడముచ్చటగా ఉంటుంది. మాబున్ని పెట్టె సర్దుకుందనీ, పండగ మరునాడు బావ ఆమెను, పిల్లలను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కుతాడనీ కూడా రాయించావు. ఆ పెట్టె సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. అయితే మొదటి నుంచి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు.

వానలు లేక మన ఊర్లో పత్తే లేనప్పుడు దూది ఏకేవాడితో ఎవరికి పని? విల్లు గోడకు తగిలించి, సింహాద్రిపురంలో బస్సెక్కేటప్పుడు పదిమంది ముందర నేనేమన్నానో గుర్తుందా? "చొక్కాకు ఇత్తడి బిళ్ల పెట్టుకొనే ఊర్లోకి వస్తా, అంతవరకూ నా మొహం చూడొద్దండి" అన్నాను. ఈ పత్తి మిల్లులో ఖాయం పని ఉన్నవానికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఇస్తారు. బిళ్ల ఉన్నవానికే మిల్లు వెనక కొట్టం ఇస్తారు. కొట్టం ఉంటేనే పెండ్లాం పిల్లలను పిలిపించుకోగలం. నాలాంటి బదిలీ వాళ్లకు బిళ్ల లేదు. ఎవడన్నా ఖాయం మనిషి పనికి రాకపోతే, ఆ పొద్దుకు వాని బదులు లోపలికి పోయేవాడే బదిలీ వాడు.

రోజూ పొద్దున మిల్లు కూత వేయగానే గేటు దగ్గర గుమస్తా పుస్తకం తెరుస్తాడు. ముందు ఖాయం వాళ్ల పేర్లు, తర్వాత మా ముప్పై మంది పేర్లు పిలుస్తాడు. ఆ మనిషి పుస్తకంలో నుంచి తలెత్తగా ఎవరూ చూడలేదు. పేరు పిలుస్తాడు, జవాబు వింటాడు, గీత గీస్తాడు. పని లేకపోతే "రేపు రాప్పా" అంటాడు. ఒక్క పొద్దు పలకకపోయినా పేరు కొట్టేసి చిట్టచివర రాస్తాడు. అందుకే నాకు పండగలు లేవు, పబ్బాలు లేవు. ఈ ఏడు నెలలుగా నేను గేటుకు కట్టేసిన గొడ్డును. పని దొరకని పొద్దు ఎక్కడికన్నా పోదామా అంటే పోవడానికి చోటు లేదు. పెన్న ఇసుకలో కాసేపు నడుస్తాను, అరికాళ్లు కాలితే వెనక్కి వస్తాను. బంగారు అంగళ్ల వీధిలో నిలబడి చూస్తే దొంగ అనుకుంటారు. ఇంతకూ రోజూ నేను కోరుకునేది ఏమిటో తెలుసా? ఎవడికో ఒకడికి జ్వరం రావాలని. ఇట్లాంటి కోరికతో పొద్దున్నే మొహం కడుక్కోవడం ఎట్లుంటుందో నీకు చెప్పలేను.

అయినా గుండె జారనివ్వలేదు. అందుకు కారణం గంగన్న. పెద్దముడియం వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద, గింజలు వేరు చేసే మిషను మీద ఖాయం పని. పెండ్లాం పోయింది, కూతురు అత్తగారింట్లో ఉంది. నన్ను తన కొట్టంలో ఉండనిచ్చాడు. నేను మామా అంటాను. దూది దుమ్ము రొమ్ములో పేరుకుపోయి ఆయన ఏం మాట్లాడినా ముందు దగ్గు వస్తుంది, ఆ వెనక మాట వస్తుంది. దగ్గి దగ్గి నాకు చెప్పేవాడు: "గడ్డం గీసుకొని పోప్పా. గేటు కాడ కూర్చోవద్దు, నిలబడు. కూర్చున్నోన్ని చూస్తే పని లేనోడు అనుకుంటారు, నిలబడినోన్ని చూస్తే పనికి పోతాండాడు అనుకుంటారు. పేరు పిలిస్తే గట్టిగా పలుకు." నేను అట్లాగే చేశాను. మడత పెట్టి తలకింద పెట్టుకున్న చొక్కా తొడిగి, గేటు కాడి పత్తి బండ్ల ఎద్దులు బెదిరేటట్టు "ఉండా సామీ" అని పలికేవాణ్ని.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. రెండో నెలలో, పేరు ఇరవై ఒకటికి వచ్చినప్పుడు, నాకు నోటి దురద పుట్టింది. పత్తి బండి వెనక దాక్కొని గుమస్తా గొంతుతో "ఈ పొద్దు అందరికీ పనుందప్పా, లోపలికి రాండి" అన్నాను. ముప్పై మందీ ఒకేసారి గేటు మీద పడ్డారు. సిరాబుడ్డి పుస్తకం మీద పడింది. అందరం కడుపు పట్టుకొని నవ్వాము. గుమస్తా మాత్రం తలెత్తకుండానే, సిరా మీద ఇసుక చల్లుతూ, "దస్తగిరి పేరు చివరికి" అన్నాడు. అది మీకు రాయలేదు. "వచ్చే నెల ఖాయం" అని రాశాను. ఆ తర్వాత నెలా అదే రాశాను. బావా, ఈ చోటు చదివేటప్పుడు మాబున్ని ఏమన్నా అంటే మాటకు మాట నాకు రాయి.

మళ్లీ పేరు పైకి రావడానికి నాలుగు నెలలు పట్టింది. విసిగిపోయి ఊర్లకు పోయేవాళ్లు పోయేకొద్దీ కింద పేర్లు పైకి జరుగుతాయి. ఒకడు మూట కట్టుకొని పోతుంటే పాపం అనుకుంటూనే లోపల ఒక మెట్టు లెక్కేసుకునేవాణ్ని. కిందటి నెల నా పేరు మొట్టమొదటికి వచ్చింది. అప్పుడే కదా బిళ్ల వచ్చినట్టేనని, పండగ తర్వాత మాబున్నిని పంపమని రాసింది.

అంతలో గంగన్న పడుకున్నాడు. జ్వరం, రొమ్ములో పిల్లికూతలు. మిల్లుకు కబురు పంపుతానంటే వద్దన్నాడు. రొమ్ము చెడిందని తెలిస్తే ఎట్లాగూ తీసేస్తారని ఆయన భయం. కబురు లేకుండా ఎనిమిది పొద్దులు రాకపోతే ఖాయం పేరు కొట్టేస్తారు. ఆ బిళ్ల, ఆ కొట్టం మొదటి బదిలీ వానికి పోతాయి. అంటే నాకు. ఆ వారమంతా పొద్దున గంజి కాచి ఆయన నోట్లో పోసిందీ నేనే, గేటు దగ్గర "గంగన్న" అని పిలిచినప్పుడు ఎవరూ పలకకపోతే వేళ్లు మడిచి పొద్దులు లెక్కపెట్టుకుందీ నేనే. గుమస్తా ఆయన బదులు నన్నే లోపలికి పంపేవాడు. ఒక చేత్తో గంజి, ఒక చేత్తో లెక్క.

ఎనిమిదో పొద్దున ఆయనే మేకుకు తగిలించిన బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది గేటు కాడ వాపసు ఇచ్చేయప్పా. నీకే ఇస్తారులే. నీ పెండ్లాన్ని పిలిపించుకో. నేను పెద్దముడియం పోతా."

"ఆడ ఎవరుండారు మామా?"

ఆయన దగ్గాడు గానీ, దాని వెనక మాట రాలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అల్లుడు గడప తొక్కనివ్వడని నాకు తెలుసు.

బిళ్ల పిడికిట్లో పెట్టుకొని గేటుకు పోయాను. దారి పొడుగునా మాబున్ని ఈ కొట్టంలో పొయ్యి ఎక్కడ పెట్టుకుంటుందో, పిల్లలు ఎక్కడ పడుకుంటారో అనుకుంటూనే పోయాను. గుమస్తా "గంగన్న" అన్నాడు. అంతే, నా నోరు తెరుచుకుంది. గంగన్న గొంతుతో "వచ్చినాప్పా" అని, ఖళ్లుఖళ్లున దగ్గాను. గీత పడింది. కాసేపటికి "దస్తగిరి" అన్నాడు. నా గొంతుతో "ఉండా సామీ" అన్నాను. "రేపు రాప్పా" అన్నాడు. నేను గంగన్న బిళ్లతో లోపలికి పోయి గంగన్న మిషను ఆడించాను. లోపల మేస్త్రీ బిళ్ల మీద నంబరు చూస్తాడు గానీ మొహం చూడడు. పక్కనున్న బదిలీ వాళ్లు నోరు మూసుకున్నారు. వాళ్లకూ గంగన్న అంటే గౌరవమే.

ఎందుకు పలికావని అడగొద్దక్కా. నేనేం మంచివాణ్ని కాదని నీకు తెలుసు, చిన్నప్పుడు నీ జడకు మేకను కట్టినవాణ్ని. నోరు ముందు పోయింది, నేను దాని వెనక పోయాను.

సాయంత్రం తలనిండా దూదితో వస్తే గంగన్న నాకు బిళ్ల ఖాయమైందనుకొని సంతోషపడ్డాడు. నేను కాదనలేదు. అట్లా నాలుగు పొద్దులు నడిచింది. ఒకనాడు మాత్రం చచ్చేంత పనయింది. ఖాయం మనిషి ఒకడు రాలేదు, వాని బదులు దస్తగిరిని రమ్మన్నారు. గంగన్నగా లోపలికి పోవాల్సినవాణ్ని దస్తగిరిగా ఎట్లా పోతాను? గేటు ముందర కడుపు పట్టుకొని మెలికలు తిరిగి, నా వెనకవాణ్ని పంపించాను. ఏడు నెలలుగా పని కోసం చచ్చేవాణ్ని, పిలిచి పని ఇస్తుంటే కడుపు నొప్పి అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ పొద్దుకు ఐదో పొద్దు. గంగన్న పేరుకు పలికాను, గీత పడలేదు. గుమస్తా కలం పక్కన పెట్టి, తలెత్తాడు. ఏడు నెలల్లో ఆ కండ్లు నేను చూడడం అదే మొదలు. మంచి కండ్లే.

"గంగన్నకు దగ్గు ముందు, మాట వెనక. నువ్వు మాట ముందు పెట్టి దగ్గు వెనక పెడతాండావు. మొదటి పొద్దే తెలిసె నాకు" అన్నాడు.

అక్కా, పట్టుబడినందుకు కాదు, ఆ తప్పు చేసినందుకు సిగ్గేసింది. ఊరి కరణం మొదలు కోడిపెట్ట దాకా అందరి గొంతూ దించినవాణ్ని, కొట్టంలో పక్కన పడుకొని రోజూ విన్న దగ్గు ఎక్కడ పెట్టాలో తెలియకపోయె.

"నా పుస్తకంలో ఒక నోటికి ఒక్క పేరే" అన్నాడు గుమస్తా. "రెండిట్లో ఒకటి కొట్టేయాల. ఏది కొట్టేయాల్నో నువ్వే చెప్పు."

బదిలీ వాళ్లందరూ నా మొహం చూస్తున్నారు. మాబున్ని పెట్టె, పెట్టె మీద కట్టిన తాడు, ఆ తాడు ముడితో సహా నాకు కనబడింది. గంగన్నకు జ్వరం దిగుతోంది, సోమవారానికి లేచి నిలబడతాడు, లేచినా పోవడానికి చోటు లేదు. నాకేమో చోటు ఉంది, మీరున్నారు. మీరుండడం వల్లే అనగలిగాను: "దస్తగిరిని కొట్టేయండి సామీ."

కొట్టేశాడు. కాగితం తిప్పి చిట్టచివర మళ్లీ రాశాడు. ముప్పయ్యో పేరు. తల దించుకొని "రేపు రాప్పా" అన్నాడు. గంగన్న పేరు పక్కన మాత్రం 'జ్వరం, కబురు అందింది' అని రాసుకున్నాడు.

కొట్టానికి వచ్చి గంగన్నకు అంతా చెప్పాను. దగ్గు ముందు వచ్చింది, తర్వాత తిట్లు వచ్చాయి. "బుద్ధుందా నీకు? ఏడు నెలలు గేటు కాడ నిలబడింది దీనికా?" అన్నాడు. చాలాసేపు తిట్టి, అలిసిపోయి, చివరికి "రేపు గడ్డం గీసుకొని పో" అన్నాడు. బిళ్ల మళ్లీ మేకుకు తగిలించాను. కొట్టం ఆయనదే, అందులో నా చాప ఒక మూల ఉంది. ఆ మూలలో నలుగురు పట్టరు.

అక్కా, నాకోసం దిగులు పడొద్దు. తిండికి లోటు లేదు, సంగటి గంగన్న బాగా కెలుకుతాడు. నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిమిండి ఒక చిన్న కుండలో ఎవరి చేతనన్నా పంపించు, బావ చేత మాత్రం వద్దు, దారిలో కుండే మిగులుతుంది. గోడకున్న నా విల్లుకు చెదలు పట్టకుండా నారిని ఒకసారి మీటి చూస్తుండు. పెద్దలందరికీ పేరుపేరునా నా సలాములు అందించు, వాళ్ల దువా నాకు పంపించు. పిల్లలను నా బదులు ముద్దు పెట్టుకో.

ఇక బావా, నీతో ఒక మాట. ఈ సంగతి మాబున్నికి నా నోటితో చెప్పే ధైర్యం లేక, నీ నోటితో చెప్పించాను. ఇది నేను నీకు కట్టించిన ఆఖరి వేషం, మన్నించు. ఇందాకటి నుంచి నువ్వు తల దించుకొని, వేలు పెట్టి చదువుతూ ఉంటావు. ఇప్పుడు కాగితం పక్కన పెట్టి, తలెత్తి, ఆమె మొహం చూడు. ఆమె పెట్టె తాడు విప్పి, ఇంటికి వచ్చేయమంటే, నీ జవాబు అందిన మరునాడు గేటు దగ్గర పలకకుండా బస్సెక్కుతాను, బిళ్ల లేని చొక్కాతోనే. ఉండమంటే ముప్పయ్యో పేరుకు గట్టిగా పలుకుతాను. ఏమీ అనకపోతే, ఆ మొహంలో నీకు ఏం కనబడిందో అదే రాయి. కల్పించి రాయొద్దు. నువ్వు కల్పిస్తే నాకు మొదటి వాక్యంలోనే తెలుస్తుంది.

నీ తమ్ముడు, నీ బామ్మర్ది, ఆమె మొగుడు,
దస్తగిరి.