నూట ఐదు డిగ్రీలవే కావాలి

మంగళవారం

టీవీ పవర్ బోర్డు మీద రెండు కెపాసిటర్లు మళ్ళీ ఉబ్బాయి. నిరుడు మార్పించినవే. మెకానిక్ ఖాసిం ఈరోజు కూడా ఎనభై ఐదు డిగ్రీల వేడికి ఆగేవే తీశాడు.

"ఇయ్యే వేసేద్దాం అక్కా, సాయంత్రానికల్లా ఆడుద్ది."

"మళ్ళీ ఎండాకాలానికి ఉబ్బటానికా? మా టీవీ ఉండేది పడమటి గోడకి. నూట ఐదువి గుంటూరు నుంచి తెప్పించు," అన్నాను.

రెండు రోజులు పడుతుందట. తుంటి విరిగి మంచం మీదున్న అత్తయ్యకి పగలంతా ఆ టీవీయే తోడు. ఇంటికొచ్చి ఆవిడకి ఆ మాటే చెప్పాను.

"ఆరని మిరపకాయ మూట కడితే బూజేగా. ఆగుతాలే," అంది. "అందాకా నువ్వొచ్చి కూర్చుని నాలుగు మాటలు చెప్పు."

సరేనన్నాను. కెపాసిటర్ల విషయంలో మాత్రం తగ్గను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా, రేపు ఆవిడ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తెలియడం లేదు.