మూడో రీలు, ఏడో రీలు

గురువారం, మధ్యాహ్నం

బావకు,

నీ బావమరిది నమస్కారం చేసి రాసేదేమంటే, అక్కా నేనూ ఇక్కడ బాగానే ఉన్నాం. కంటి కట్టు విప్పేదాకా నువ్వు చదవకూడదన్నారు కాబట్టి ఇది నర్సమ్మగారి చేత చదివించుకో. ఆవిడకూ నమస్కారం. విన్నది తన దగ్గరే ఉంచుకోమని నా మాటగా చెప్పు.

వారం రోజులుగా ముసురు. ఆపరేటరు గది గోడలు చెమ్మెక్కాయి. పొద్దున్నే నీ బదులు నేను వెళ్ళి రీలు డబ్బాలు పొడిగుడ్డతో తుడిచి, మిషనుకు నూనె వేసి, పదకొండింటికి మార్నింగ్ షో మొదలుపెడుతున్నాను. వచ్చేవాళ్ళలో సగం మంది సినిమాకి, సగం మంది వానకి.

సోమవారం ఆ పాత పాటల బొమ్మ వేశాం. స్టేజీ మీద పాడుతూ ఆడే నాటకాన్ని సినిమాగా తీశారని చెప్పావే, గడియారాలు బాగుచేసేవాడూ దొర కూతురూ ప్రేమించుకునేది, అదే. మూత మీద నంబరు నమ్మొద్దురా, ఫిల్ము మొదలు చూసి ఎక్కించు అని నువ్వు చిలక్కి చెప్పినట్టు చెప్పావు. నేను మూతనే నమ్మాను. చెమ్మకని మూతలన్నీ తీసి ఆరబెట్టి, తిరిగి పెట్టేటప్పుడు మూడూ ఏడూ మార్చేశాను.

మూడో రీల్లో ఆ అమ్మాయి రేవులో పాట పాడి, ఏడుస్తూ ఓడెక్కింది. నేనా బొమ్మ ఎప్పుడూ చూడలేదు కదా, కథే అంత అనుకున్నాను. ఏడో రీల్లో గడియారపు గోపురం మెట్లెక్కి వచ్చి, అతన్ని నీ పేరేంటని అడిగింది. అప్పుడు తెలిసింది. మిషను ఆపితే ఓనరు కేకేస్తాడని ఆపలేదు.

ఆయన మోకాళ్ళ నొప్పులతో మన మెట్లెక్కడు, అదొక్కటే మన అదృష్టం. రోజూ కింద నిలబడి, ఏమయ్యా ఆపరేటరూ, ఉన్నావా అంటాడు. నేను నీలాగే రెండుసార్లు దగ్గుతాను. నీ దగ్గు కంటే నాదే బాగుందని అక్క అంటోంది. నవ్వడానికి బాగానే ఉంది కానీ, దగ్గిన ప్రతిసారీ ఆయన వెళ్ళిపోయేదాకా మెట్ల వైపే చెవి పెట్టి వింటున్నాను. పోయిన నెల బొమ్మ మసగ్గా పడితే, చూపు లేనివాడు నాకెందుకు అన్నాడని, ఆపరేషన్ సంగతి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని నువ్వే కదా దాచమన్నావు.

పాత బొమ్మ వేసినప్పుడల్లా జనం అభిప్రాయాలు చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారని నీకు తెలుసు. శనివారం ఓనరు అవన్నీ చదువుతాడు. టికెట్ల కిటికీ దగ్గర ఉండేది అక్కే కాబట్టి ముందు మేం చూస్తున్నాం. సోమవారం చీటీలు కొన్ని రాస్తాను.

పద్నాలుగు పాటలు పాడే బదులు ఒక్క మాట నోటితో చెప్పి ఉంటే అరగంటలో పెళ్ళయ్యేదని ఒకాయన రాశాడు. రేవులో ఆ పిల్ల గౌను చెయ్యి దగ్గర కుట్టు ఊడి ఉంది, గోపురంలో బాగుంది, మధ్యలో ఎవరు కుట్టారో చూపించలేదు అని టైలరు రాశాడు. ఓడెక్కినదీ గోపురం ఎక్కినదీ కవలలైతే ఆ మాట ముందే చెప్పాలి అని ఇంకొకరు. రిటైరైన టీచరమ్మ మాత్రం, ముందు ఎడబాటు, తర్వాత పరిచయం, ఇంత కొత్తగా ఎవరూ తియ్యలేదు, రెండుసార్లు ఏడ్చాను అని రాసింది. మంగళవారం సరైన వరసలో వేస్తే, మా వదిన చెప్పిన సినిమా ఇది కాదు అని ఒకావిడ దెబ్బలాటకి వచ్చింది.

బొమ్మ అద్దంలా ఉంది, ఆపరేటరు పనిమంతుడు అని రెండు చీటీలున్నాయి. అవి అక్క ఎడమచేత్తో రాసినవి.

ఒక చీటీ మాత్రం అక్కకి చూపించలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మూడో రీలూ ఏడో రీలూ తారుమారు. ఆ మిషను మీద చెయ్యి తిరిగినవాడు కళ్ళు మూసుకున్నా ఈ పొరపాటు చెయ్యడు. పైన ఉన్నదెవరు?

ఇంతే. పేరు లేదు. మూడు రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. హాల్లోకి వచ్చే ప్రతివాడి చేతులూ చూస్తున్నాను. ఈ ఊళ్ళో నువ్వు గాక మిషను తెలిసినవాడెవడు బావా? చించేద్దామంటే, రాసినవాడు రేపు నోటితోనే అడిగితే ఏం చెప్పను? డబ్బాలో వేద్దామంటే నీ అన్నం నా చేత్తో తీసేసినట్టే. ఏం చెయ్యమంటావో రెండు ముక్కలు రాయించు.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరు నిలబెట్టిన
కంగారుగాడు

తా.క. శుక్రవారం. ఉత్తరం పోస్టు చెయ్యకముందే సంగతి తేలిపోయింది. చీటీ రాసింది ఓనరే. సోమవారం వెనక వరసలో కూర్చుని బొమ్మంతా చూశాడు. ఈ హాలు కొనకముందు ఇరవై ఏళ్ళు వేరే ఊళ్ళో ఆపరేటరుగా చేశాడట, మోకాళ్ళు పోయింది ఆ మెట్లెక్కేనట. ఇవాళ పొద్దున గోడ పట్టుకుని రెండుచోట్ల ఆగి పైకి వచ్చాడు. డబ్బాలో నా చీటీ లేదు, ఏదీ అని చెయ్యి చాపాడు. ఇచ్చాను. అక్క కూడా వచ్చి అంతా చెప్పేసింది. కంటికి వైద్యం ఉందమ్మా, వీడి దగ్గుకి లేదు అన్నాడు. లైసెన్సు ఆఫీసు వాళ్ళ కంటి పరీక్షలో నెగ్గితే నీ పని నీదేనట. నెగ్గకపోతే తను చెయ్యగలిగిందేమీ లేదన్నాడు. అంతదాకా మిషను తనే నడుపుతాడట. ఇది అందేలోగా అక్కే వచ్చి చెబుతుంది, అయినా పోస్టు చేస్తున్నాను. నేను పదిన్నరకి ఆపరేటరు గది దిగి వచ్చేశాను. అక్క పన్నెండింటి బస్సుకి నీ దగ్గరికి బయలుదేరింది.