సరే అన్నాను

ఆగస్టు 4, ఆదివారం

మనవడు పుట్టి ఆరు రోజులు. నేనింకా ఎత్తుకోలేదు. తొలి కాన్పు పుట్టింటివాళ్లది కాబట్టి కోడలు సుజన పర్ణశాలలో వాళ్లమ్మ దగ్గర ఉంది. పదకొండో రోజు పురుడు చేసేదాకా మేం పెనుబల్లి నుంచి కదలకూడదు. ఈ పద్ధతి పెట్టింది ఎవరో ఆడపిల్ల తల్లే అయ్యుంటుంది.

వియ్యపురాలు నాగలత ఇవాళ పదకొండు ఫోటోలు పంపింది. అన్నింట్లోనూ ఆమె చేతులే. ముక్కు అచ్చం వాళ్లాయనదేనట. ఆరు రోజుల ముక్కుకు పోలికేమిటి? ఉంటే మా అబ్బాయి ఉదయ్ భాస్కర్‌ది ఉంటుంది.

ఆగస్టు 5

స్టేటస్‌లో 'అమ్మమ్మ బంగారం' అని పెట్టింది. మా ఆయన ఫోన్‌లో చూశాను, నేను చూసినట్టు ఆమెకు తెలియకూడదని.

ఆగస్టు 7, బుధవారం, ఉదయం 9

సుజన ఫోన్ చేసింది. బాబు ఊపిరి జల్దీ జల్దీ తీస్తుండు అత్తయ్యా, పాలు గూడ సరిగ్గ తాగుతలేడు అంది. లెక్కపెట్టారా అని అడిగేలోపే నాగలత ఫోన్ అందుకుంది. తన ఊరి వాగు పొంగి ఆశా వర్కర్ జంపక్క రాలేదట. తనే సెల్‌లో టైమ్ పెట్టుకుని అర నిమిషం లెక్కపెట్టిందట. ఇరవై ఏడు, డబుల్ జేస్తే యాభై నాలుగు, అరవై లోపే గద వదినా, ఏం గాదు, నేను జూస్తున్న గద అంది.

అర నిమిషం లెక్క పనికిరాదు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేశాను, ప్రతి ట్రైనింగ్‌లోనూ ఇదే చెప్పారు. పసిపిల్లల ఊపిరి కాసేపు ఆగుతుంది, కాసేపు పరుగెడుతుంది. నిమిషం నిండా లెక్కపెట్టాలి. అరవైకి వచ్చినా, పాలు మానేసినా వెంటనే దవాఖానాకు తీసుకెళ్లాలి.

మాట నోటిదాకా వచ్చింది. 'నేను జూస్తున్న గద' అన్నదే, అది మండింది. అన్నీ నువ్వే చూసుకో తల్లీ అనుకున్నాను. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం 4

నాగలత వీడియో కాల్. స్నానం చూపించి మురవడానికే అయ్యుంటుంది. మోగనిచ్చాను.

సాయంత్రం 6.20

భాస్కర్ ఏడుస్తూ ఫోన్ చేశాడు. బాబు డొక్కలు ఎగరేస్తున్నాడట. భద్రాచలంలో ఆక్సిజన్ పెట్టారు. న్యుమోనియా అన్నారట. నిమిషానికి డెబ్బై రెండు.

ఆగస్టు 8, గురువారం, భద్రాచలం

పురుడు ఇవాళే. మేం వచ్చింది దవాఖానాకు. అద్దంలోంచి చూశాను. అరచేయంత ఛాతీ, ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతోంది.

నాగలత నన్ను పట్టుకుని ఏడ్చింది. డాక్టర్‌కీ, నర్సుకీ, పక్క మంచం వాళ్లకీ ఒకటే చెబుతోంది. మా వదిన టీచరు, ఆమెకన్నీ ఎరుకే, ఆమె సరే అన్నదని ధైర్యంగున్నం, లేకుంటే పొద్దుగాలే తెచ్చేటోళ్లం అని. తప్పు నాదని కాదు, తన తప్పు కాదని చెప్పుకోవడానికి. తిట్టినా బాగుండేది.

నిన్నటి వీడియో కాల్ నన్ను ఒకసారి లెక్కపెట్టి చూడమని అడగడానికట. ఫోన్‌లో ఛార్జింగ్ లేదని చెప్పాను.

ఇంత జరిగినా, పాలివ్వడానికి వెళ్తూ సుజన తోడుగా వాళ్లమ్మనే పిలుచుకుంటే నాకు కడుపు మండింది. నేనేం మనిషిని?

ఆగస్టు 10

అరవై నాలుగు.

ఆగస్టు 13, మంగళవారం

ఆక్సిజన్ తీసేశారు. నలభై ఎనిమిది. పాలు బాగా తాగాడు.

వార్డులోంచి బయటికి ఇవ్వగానే నాగలత బాబును నా ఒళ్లో పెట్టింది. తను ఎత్తుకోకముందే. మీ చేతుల్ల ఉంటే నాకింక భయం లేదు వదినా అంది. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. రెండు నిమిషాలు కూడా నిమ్మళంగా పట్టుకోలేకపోయాను.

ఆగస్టు 14

చెప్పేశాను. లెక్క తప్పని అప్పుడే తెలుసని. ఛార్జింగ్ ఉందని కూడా.

నాగలత నా ఒళ్లోంచి బాబును తీసుకుని అవతలి బెంచీ మీద కూర్చుంది. టీ తెచ్చిన భాస్కర్, ఏందమ్మా, గిట్ల చెరొక దిక్కు కూసున్నరు అన్నాడు.