నీ పడవకు ఇన్సూరెన్స్ దొరికింది

అక్కా,

జ్వరంతో నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. డెంకణికోట చెరువు గట్టున బోర్లించిన నీ పడవను మళ్లీ నీళ్లలోకి దించమని నీ కూతురు మల్లి రోజూ అడుగుతోంది. బావేమో, "ఇన్సూరెన్స్ లేకుండా పాపను ఎక్కనీయను" అని తేల్చేశాడు.

ఇక హోసూరులో నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఒకచోట, "బండికి చేస్తాము, ఆవుకి చేస్తాము. సరదా పడవకి యాడుందమ్మా?" అని నవ్వారు. ఇంకోచోట చవక పాలసీ చూపించారు. తీరా చదివితే, పడవకు దెబ్బ తగిలితేనే డబ్బు. అందులో కూర్చున్నవాళ్ల ఊసే లేదు.

"పడవకి విలువుంది, పిల్లకి లేదాప్పా?" అని గట్టిగానే అడిగాను. ఏజెంటు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

చివరికి మనుషులకూ వర్తించేది దొరికింది. ఖరీదెక్కువే. అడిగినప్పుడు డబ్బు సరిగ్గా ఇస్తారని, ఆ కంపెనీలోనే చేయించుకున్న కృష్ణగిరి ఆయన ఒకరు చెప్పాకే ఒప్పుకున్నాను. అప్పుడు ఇంకో అడ్డం.

"ఓనరమ్మ లేదు కదా, ఆయమ్మ పేరులో ఇయ్యలేము" అన్నారు ఆ కంపెనీవాళ్లు.

పడవ కాగితాల్లో నీ పేరు తీయించి బావ పేరు రాయించడానికి మళ్లీ వారాల తరబడి తిరిగాను. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

నిన్న పాలసీ వచ్చింది. ఈ పొద్దున మల్లిని పడవలో కూర్చోబెడుతుంటే బావ కూడా లైఫ్ జాకెట్ వేసుకుని వచ్చాడు. నువ్వెన్నిసార్లు పిలిచినా నీళ్లకు భయపడి గట్టు దిగని మనిషి! పడవ గట్టు వదిలాక రెండు చేతులతో అంచు పట్టుకుని, "మీ అక్క పిలిచినప్పుడే వచ్చింటే బాగుండేది కదమ్మా" అన్నాడు.

నేను తెడ్డు వేస్తూనే ఉన్నాను.